విశాఖ పాత తోటల్లో అరుదైన దేశవాళీ చెట్లను నిలుపుకోవడం: సమగ్ర మార్గదర్శి

పాత తోటలో ఒక అరుదైన చెట్టు ఉంటే ఆ జాతిని కాపాడినట్టేనని చాలామంది అనుకుంటారు. ఆ చెట్టు ఏ కొండ మీది విత్తనం నుంచి వచ్చిందో రాసిపెట్టిన కాగితం లేకపోతే, దాని సంతానం మరో చోట పెరగకపోతే, ఆ సంరక్షణ ఒక్క కాండం మీద ఆధారపడి ఉన్నట్టే లెక్క. విశాఖపట్నంలో అది మరీ ప్రమాదం. 2014 అక్టోబరు 12న గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఒక్క పూటలో నగరంలోని పచ్చదనాన్ని ఎలా ఊడ్చేసిందో ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. అందుకే ఈ మార్గదర్శి చెట్టుతో కాక రిజిస్టరుతో మొదలై, నేల, నీరు, కాండం, గాలి, విత్తనం అన్న క్రమంలో సాగి, నకలు మొక్కలను వేరే ఊళ్ళకు పంపడం దాకా వెళుతుంది.

విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని చెట్లకు, కళాశాలల వృక్షశాస్త్ర విభాగాలు పెంచిన తోటలకు, వాల్తేరు మెరక మీది పాత బంగళాల ఆవరణలకు, ఆలయ తోటలకు ఈ పద్ధతి సమానంగా వర్తిస్తుంది. ఈ తీరానికి వృక్షశాస్త్ర చరిత్ర కొత్తది కాదు. 1780ల్లో స్కాట్లాండు వైద్యుడు, ప్రకృతి పరిశీలకుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి ఇక్కడి పాములను, మొక్కలను పరిశీలించాడు. దాదాపు అదే కాలంలో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచి, మొక్కల తెలుగు పేర్లను కూడా నమోదు చేసుకుంటూ, 1793లో కలకత్తా ఉద్యానానికి వెళ్ళాడు. వాళ్ళు రాసుకున్నంత కూడా నేడు చాలా తోటల్లో ఎవరూ రాయడం లేదు.

మొదటి దశ: ఏ చెట్టు ఏదో తేల్చడం

తోటలోని ప్రతి పాత చెట్టుకూ ఒక నమోదు సంఖ్య ఇవ్వాలి. సంవత్సరం, దాని పక్కన వరుస సంఖ్య ఉంటే సరిపోతుంది. ఆ చెట్టు చనిపోయినా ఆ సంఖ్యను మరో చెట్టుకు ఇవ్వకూడదు. సంఖ్యను అల్యూమినియం బిళ్ళ మీద పోటు అక్షరాలతో కొట్టి, కాండానికి మేకుతో దిగ్గొట్టకుండా, లావు పెరిగే కొద్దీ సాగే స్ప్రింగుతో వేలాడదీయాలి. మేకు చుట్టూ బెరడు పెరిగి పదేళ్ళలో బిళ్ళను మింగేస్తుంది, పైగా ఆ రంధ్రం శిలీంధ్రాలకు దారి అవుతుంది. దట్టమైన కొమ్మల కింద ఫోను చూపించే స్థానం కొన్ని మీటర్లు అటూ ఇటూ తప్పుతుంది కనుక, దగ్గరలోని భవనం మూలలు, బావి గట్టు వంటి రెండు స్థిరమైన గుర్తుల నుంచి టేపుతో దూరం కొలిచి రాసుకోవడం మేలు.

పేరు దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఆంధ్ర దేశమంతటా గోడల వెంట బారులు తీరి సన్నగా ఎదిగే నరమామిడిని అశోకచెట్టని పిలుస్తారు, బోర్డులు కూడా అలాగే రాస్తారు. కాండానికే అంటుకున్నట్టుగా నారింజ రంగు పూలగుత్తులు పూసే అసలైన అశోకం వేరు. అది ప్రకృతిలో తగ్గిపోతున్న జాతి. ఆకు చూసి పేరు రాయకూడదు. పూత సమయంలో ఒకసారి, కాయ సమయంలో ఒకసారి కొమ్మలు కోసి, పాత పేపర్ల మధ్య ఒత్తి ఆరబెట్టి, నిపుణుల చేత సరిచూపించాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగం ఊళ్ళోనే ఉంది; అక్కడ తేలకపోతే హైదరాబాదులోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రాన్ని సంప్రదించవచ్చు.

పేరు తేలాక పుట్టుక రాయాలి. దీనికి మూడు మాటలు చాలు: అడవి నుంచి నేరుగా తెచ్చినది, అడవి మొక్క సంతానం, మూలం తెలియనిది. మూడో రకం చెట్టును తక్కువ చేసి చూడనక్కర లేదు కానీ, దాని విత్తనాలను అడవి పునరుద్ధరణకు పంపేటప్పుడు మాత్రం ఆ విషయం దాచకూడదు. రిటైరైన తోటమాలుల జ్ఞాపకాలను ఈ దశలోనే రాసుకోవాలి. ఫలానా మొక్కను ఏ ఆచార్యులు ఏ విహారయాత్ర నుంచి తెచ్చారో చాలాసార్లు వారికి తప్ప మరెవరికీ తెలియదు.

ఆ తరువాత ఏటా ఒకే నెలలో, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున కాండం చుట్టుకొలత తీసి, ఆకు రాలిన తేదీ, పూత తేదీ, కాయ పండిన తేదీ రాస్తూ పోవాలి. మూడు నాలుగేళ్ళు గడిచాక ఈ తేదీలే విత్తన సేకరణకు పంచాంగం అవుతాయి.

రెండో దశ: ముందు ఏ చెట్టు

అన్నింటినీ ఒకేసారి చూడగలిగే సిబ్బంది ఏ తోటకూ ఉండరు. తోటలో ఒక్కటే మిగిలిన జాతి, తూర్పు కనుమల్లో తప్ప మరెక్కడా పెరగని జాతి, చుట్టూ ఒక్క పిల్లమొక్క కూడా కనిపించని ముసలి చెట్టు ముందు వరుసలో ఉండాలి. మగ, ఆడ మొక్కలు వేరువేరుగా ఉండే తునికి, సైకస్ (చూడటానికి పొట్టి తాటిలా ఉండి, పూలకు బదులు శంకువులు వేసే మొక్క) వంటి వాటిలో ఉన్నది ఏదో తెలుసుకోవడం తప్పనిసరి. దక్షిణాఫ్రికాలో 1895లో కనుగొన్న ఎన్‌సెఫలార్టోస్ వుడీ అనే సైకస్ బంధువు నేటికీ ప్రపంచమంతటా మగ మొక్కగానే ఉంది. దానికి జోడు దొరకలేదు; ఉన్నవన్నీ ఆ ఒక్క మొక్క పిలకల నుంచి వచ్చినవే.

మరో విచక్షణ కూడా అవసరం. రక్తచందనం, తెల్ల కరక, మొగి, సైకస్ బెడోమీ వంటివి శేషాచలం, నల్లమల వైపు పొడి రాతి వాలులకు అలవాటుపడినవి. విశాఖ తేమలో అవి బతుకుతాయి కానీ నీరు నిలిస్తే బతకవు, కనుక వాటికి ఎత్తైన దిబ్బలు కట్టాలి. అయితే నా అభిప్రాయంలో విశాఖ తోట తన డబ్బును, శ్రమను ముందుగా కంబాలకొండ, సింహాచలం, అనంతగిరి వైపు కొండల జాతుల మీద పెట్టాలి. ప్రసిద్ధి వల్ల రక్తచందనానికి బోర్డు దొరుకుతుంది. పాదిరి, పంపెన, వేగిస ఎక్కడున్నాయో అడిగితే తోటవారే వెతుక్కోవలసి వస్తుంది.

మూడో దశ: నేలను చెట్టుకు తిరిగి ఇవ్వడం

పాత చెట్లు తెగుళ్ళకంటే కాళ్ళ కింది నేల గట్టిపడటం వల్లే ఎక్కువగా చస్తాయి. చెట్టు వేళ్ళలో అధికభాగం పై రెండడుగుల మట్టిలోనే విస్తరిస్తాయి, అవి గాలి పీల్చాలి. బైకులు నిలపడం, ఇటుకలు పోయడం, కాండం చుట్టూ సిమెంటు అరుగు కట్టడం ఆ గాలిని ఆపేస్తాయి. చెట్ల చుట్టూ కనీసం ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ సంస్థలను ఆదేశించింది. పాత చెట్టుకు మీటరు ఏ మూలకూ చాలదు. కాండం వ్యాసానికి పన్నెండు రెట్లు వ్యాసార్ధంగా తీసుకుని గీసిన వృత్తాన్ని వేళ్ళ రక్షణ వలయంగా భావించడం ప్రామాణిక పద్ధతి. 190 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చెట్టు వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు కనుక, దాని వలయం 7.2 మీటర్ల దూరం వరకు ఉంటుంది. ఆ గీత లోపల తవ్వకం, పైపులైను, వాహనం ఏవీ ఉండకూడదు.

నేల ఎంత గట్టిపడిందో తెలుసుకోవడానికి పరికరాలు అక్కరలేదు. మంచి వాన పడిన మరునాడు పెన్సిలు మందం ఇనుప చువ్వను చేత్తో నొక్కాలి. జానెడు లోతు సునాయాసంగా దిగితే నేల బాగున్నట్టు. నాలుగు వేళ్ళ దగ్గరే ఆగిపోతే వైద్యం అవసరం. ఖొండలైట్ రాయి శిథిలమై ఏర్పడిన ఇక్కడి ఎర్రనేల తడిసినప్పుడు తొక్కితే ఎండలో ఇటుకలా బిగుసుకుంటుంది కాబట్టి, ఈ పరీక్షను వలయంలో పది పన్నెండు చోట్ల చేసి, నడకదారి ఎక్కడ పడిందో కూడా కాగితం మీద గుర్తించాలి.

సిమెంటు అరుగును తొలకరి తరువాత, పొక్లెయినుతో కాకుండా సుత్తి, ఉలితో ముక్కలుగా విడగొట్టి తీయాలి. కాండం మొదట్లో ఏళ్ళ తరబడి పోసిన మట్టిని గునపంతో తవ్వకుండా వెదురు పుల్లతో, చేత్తో నెమ్మదిగా తొలగిస్తే, కాండం వెడల్పై వేళ్ళుగా చీలే చోటు బయటపడుతుంది. ఆ చోటు ఎప్పుడూ నేలపైకి కనబడాలి. గట్టిపడిన భాగంలో రెండంగుళాల వెడల్పు, అడుగు లోతు రంధ్రాలను రెండేసి అడుగుల ఎడంలో బోరు కర్రతో వేసి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. లావు వేరు తగిలితే అక్కడ ఆపి పక్కకు జరగాలి. వలయమంతటా నాలుగంగుళాల మందాన ఆకుచెత్త పరిచి, కాండానికి మాత్రం జానెడు ఎడం వదలాలి. తోటలో రాలిన ఆకులను రోజూ ఊడ్చి తగలబెట్టి, ఆ తరువాత ఎరువు బస్తాలు కొనే అలవాటు ఈ ఒక్క పనితో మానుకోవచ్చు.

నాలుగో దశ: నీరు ఎవరికి, ఎవరికి కాదు

తూర్పు కనుమల చెట్లలో చాలా భాగం ఆకురాలు అడవులవి. తపసి, కొండ గోగు, బూరుగ ఎండాకాలంలో మోడుగా నిలబడటం వాటి సహజ లక్షణం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్క ఆకు లేని కొండ గోగు మీద పెద్ద పసుపు పూలు విరియడం చూసినవారికి ఆ చెట్టు ఎండిపోలేదని వేరే చెప్పనక్కర లేదు. అయినా కొత్తగా వచ్చిన సిబ్బంది మోడును చూసి జాలిపడి గొట్టం పెడతారు. అంతకంటే పెద్ద అపాయం పచ్చిక: అందం కోసం చెట్టు కింద లాను వేసి, రోజూ చల్లే నీటి వల్ల కాండం మొదట్లో బెరడు ఎప్పుడూ తడిగా ఉండి, వేరుకుళ్ళు పట్టి, ఏ గాలీ లేని రోజున చెట్టు పక్కకు వాలిపోతుంది. అరుదైన దేశవాళీ చెట్టు రక్షణ వలయంలో పచ్చికను తీసేయడమే దానికి చేసే మొదటి మేలు.

అశోకం, పొన్న, సంపెంగ వంటి సతతహరిత జాతులకు మాత్రం డిసెంబరు నుంచి మే వరకు తడి కావాలి. కాండం దగ్గర కాకుండా, కొమ్మల అంచు నీడ పడే చోట లోతు తక్కువ కాలువ తీసి, పదిహేను, ఇరవై రోజులకు ఒకసారి, నీరు అడుగున్నర లోతుకు ఇంకే దాకా నెమ్మదిగా వదలాలి. రోజూ కాస్త నీరు చల్లితే వేళ్ళు పైపైనే ఉండిపోతాయి, అలాంటి చెట్టు తుపానుకు నిలవదు.

అయిదో దశ: కాండం, కొమ్మలు, పురుగులు

నెలకొకసారి కాండాన్ని కింది నుంచి పై దాకా చూడాలి. బెరడు మీద రంపపు పొట్టు, పురుగు విసర్జన కలిసిన గోధుమరంగు జాలు (గూడు లాంటి పొర) వంకరటింకరగా అంటుకుని ఉంటే, అది బెరడు తినే గొంగళి పని. పగలు అది కొమ్మ చీలిక దగ్గరి రంధ్రంలో దాగి, రాత్రి ఆ జాలు మాటున మేస్తుంది. జాలును గోనె ముక్కతో తుడిచి, రంధ్రంలోకి సన్నని ఇనుప తీగ దూర్చి తిప్పి, పెట్రోలులో ముంచిన దూది కుక్కి, తడి మట్టితో మూసెయ్యాలి. వారం తరువాత మళ్ళీ కొత్త పొట్టు కనిపిస్తే పని పూర్తికాలేదని అర్థం.

కాండం అడుగున అరలాగా, పైన మెరిసే గోధుమ రంగుతో, అంచున తెల్లగా గానోడెర్మా శిలీంధ్రం కనిపిస్తే లోపల వేరు అప్పటికే కుళ్ళుతోంది. దానికి నమ్మకమైన మందు లేదు. ఆ చెట్టు నుంచి విత్తనం, అంటు కొమ్మలు వెంటనే తీసుకోవాలి, కింద జనం తిరగకుండా కంచె వేయాలి. తొర్రలను సిమెంటుతో పూడ్చే పాత పద్ధతిని మానుకోవాలి; గాలికి కాండం వంగుతుంది, సిమెంటు వంగదు, ఆ సందులో నీరు చేరి కుళ్ళు ఇంకా పెరుగుతుంది. కొమ్మల మీద పరాన్నజీవిగా పెరిగే బదనికను పూయకముందే అది అంటిన కొమ్మతో సహా కోసెయ్యాలి.

కొమ్మ కోయవలసి వస్తే మూడు కోతలు వేయాలి. కాండానికి అడుగు దూరంలో కింది వైపు నుంచి మూడో వంతు లోతు మొదటి కోత, దానికి కాస్త అవతల పై నుంచి రెండో కోత. బరువు పడిపోయాక, కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉన్న కంకణాన్ని తాకకుండా దాని బయటి అంచున మూడో కోత. గాయానికి తారు, పెయింటు పూయనక్కర లేదు. పండుగ దీపాల తీగలు కాండానికి బిగించి ఏడాది పొడవునా వదిలేసే అలంకరణను, సున్నం జాజు చారలు పూసే ముచ్చటను అరుదైన చెట్ల దగ్గరైనా ఆపాలి. మొదటిది బెరడును కోస్తుంది, రెండోది పురుగు గుర్తులను కప్పేస్తుంది.

ఆరో దశ: తుపానుకు ముందు, తరువాత

బంగాళాఖాతంలో తీవ్రమైన తుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో, కొన్ని మే నెలలో వస్తాయి కనుక సెప్టెంబరు ముగిసేలోగా పరిశీలన పూర్తికావాలి. ఎండు కొమ్మలు, చీలిన జోడు కొమ్మలు, కాండం ఒక వైపుకే బరువైన చెట్లు గుర్తించాలి. పాత చెట్టులో ఏడాదికి కొమ్మల్లో పదో వంతుకు మించి తీయకూడదు, తల నరకడం అసలే కూడదు. తల నరికిన చోట గుంపుగా వచ్చే చిగుళ్ళు బెరడుకే అంటుకుని ఉండి, తరువాతి గాలికి మొదట అవే ఊడిపడతాయి. పెళుసు కలప ఉన్న తురాయి, పచ్చ తురాయి వంటి పరదేశీ చెట్లు అరుదైన చెట్టు మీద పడే దూరంలో ఉంటే, కత్తిరింపు వాటికే ముందు జరగాలి.

తుపాను వెలిసిన మొదటి రోజు చేయవలసిన పని నరకడం కాదు. సముద్రం నుంచి వచ్చిన ఉప్పు తుంపర ఆకులను మాడుస్తుంది. మంచినీరు దొరికిన వెంటనే చిన్న చెట్లను, నారుమడిని పైనుంచి కడగాలి. రోడ్లు తెరిచే సిబ్బంది తొందరలో ఉంటారు కాబట్టి, పడిన ప్రతి అరుదైన చెట్టు మీద నమోదు సంఖ్యతో పాటు ‘నరకవద్దు’ అని పెద్ద అక్షరాలతో రాసి, రిజిస్టరు చేతబట్టుకున్న ఒక మనిషిని గేటు దగ్గర నిలపాలి. చుట్టుకొలత అడుగు లోపు ఉన్న వాటిని రెండు మూడు రోజుల్లో లేపి నిలబెట్టవచ్చు. అంతవరకు బయటపడ్డ వేళ్ళను తడి గోనెలతో కప్పి ఉంచాలి. పెద్ద చెట్టు ఒక వైపు వేళ్ళు ఇంకా నేలలో ఉండగా పడిపోతే, దారికి అడ్డం లేని పక్షంలో అలాగే వదిలేయడం మంచిది. చాలా జాతులు పడుకున్న కాండం నుంచే నిటారుగా కొత్త కొమ్మలు వేస్తాయి. ఆకు లేదని చెట్టు చచ్చిందనుకోకుండా, గోటితో చిన్న కొమ్మ బెరడు గీకి, లోపల పచ్చగా ఉంటే ఒక వానాకాలం గడిచే దాకా ఆగాలి.

ఏడో దశ: విత్తనం నుంచి సంతానం

విత్తనాలు రెండు స్వభావాలవి. ఆరబెడితే ఏళ్ళు నిలిచేవి కొన్ని. వాటిని తేమ 5–7 శాతానికి తగ్గించి, మైనస్ 18 డిగ్రీల దగ్గర విత్తన నిధిలో దాచవచ్చు. ఆరితే చచ్చిపోయేవి మరికొన్ని. అశోకం, మొగి, నేరేడు ఈ రెండో రకం. వీటి పండును సోమవారం ఏరితే ఆ వారంలోనే విత్తాలి, పొట్లం కట్టి బీరువాలో పెడితే మిగిలేది పొట్లమే.

ప్రతి తల్లిచెట్టు విత్తనాన్ని విడిగా ఉంచి, దాని నమోదు సంఖ్యను సంచి మీద రాయాలి. అడవి నుంచి అనుమతితో సేకరించేటప్పుడు పండిన విత్తనంలో అయిదో వంతుకు మించి తీయకూడదు. వీలైతే 50 వరకు వేర్వేరు తల్లిచెట్ల నుంచి తీసుకుంటే ఆ జాతి వైవిధ్యంలో అధికభాగం చేతికి వస్తుంది. ఒక్క చెట్టు నుంచి తెచ్చిన వెయ్యి గింజలు అంతా అన్నదమ్ములే.

కొన్ని జాతులకు ప్రత్యేక పద్ధతులున్నాయి. రక్తచందనం, వేగిస కాయలు చుట్టూ రెక్కతో బిళ్ళల్లా ఉంటాయి; ఆ రెక్కను కత్తెరతో తీసి, రెండు మూడు రోజులు పేడ నీటిలో నానబెట్టి, ఇసుక మడిలో పరచడం నర్సరీల వాడుక. మొలక శాతం తక్కువ కనుక కావలసినదానికి అనేక రెట్లు విత్తాలి. తపసి కాయ అయిదు రెక్కల నక్షత్రంలా ఎర్రగా ఉండి, ఒళ్ళంతా గుచ్చుకునే నూగు కలిగి ఉంటుంది. చేతి తొడుగులు లేకుండా ముట్టుకుంటే రోజంతా దురద వదలదు. శ్రీగంధం పక్క మొక్క వేళ్ళ నుంచి కొంత ఆహారం తీసుకునే పాక్షిక పరాన్నజీవి కనుక, దాని సంచిలోనే ఒక కందిమొక్క పెంచి, అది నీడ కమ్మకుండా తుంచుతూ ఉండాలి.

సైకస్‌కు ఓపిక కావాలి. మగ శంకువు విచ్చినప్పుడు కాగితం మీద దులిపిన పుప్పొడిని ఆరబెట్టి, సిలికా జెల్ ఉన్న సీసాలో ఫ్రిజ్‌లో ఉంచి, ఆడ మొక్క నడిమి పత్రాలు వదులైన రోజుల్లో ఉదయాన్నే చిన్న రబ్బరు బుడ్డితో లోపలికి ఊదాలి. రెండు మూడు రోజులు వరుసగా ఇలా చేయాలి. కాయ రాలాక కూడా పిండం ఇంకా ఎదగాలి కనుక, పై గుజ్జు తీసేసి, కొన్ని నెలలు నీడలో ఉంచి అప్పుడు విత్తాలి. గింజ విషపూరితం, పిల్లలకు అందకుండా చూడాలి. అలంకారం కోసం నర్సరీల్లో అమ్మే సైకస్ జాతులు దగ్గరలో ఉంటే సంకరం సులభంగా జరుగుతుంది, కనుక అరుదైన జాతి ఉన్న తోటలో వాటి శంకువులను విచ్చకముందే కోసెయ్యాలి.

నారుకు ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు సమపాళ్ళలో కలపాలి. తల్లివేరు లోతుకు దిగే జాతులకు పొట్టి సంచులు పనికిరావు. అడుగున చుట్టలు చుట్టుకున్న వేరు పదేళ్ళ తరువాత చెట్టును పడగొడుతుంది. విత్తనం రాని ముసలి చెట్టుకు గాలి అంటు లేదా అదే జాతి మొలక మీద కొమ్మ అంటు ప్రయత్నించాలి. నాటడం జూన్ చివర మొదలుపెట్టి జూలై లోపు ముగిస్తే మొక్కకు రెండు రుతుపవనాల వాన దక్కుతుంది.

ఎనిమిదో దశ: నకళ్ళు, అనుమతులు

ప్రతి ముఖ్యమైన తల్లిచెట్టు సంతానం కనీసం మరో రెండు తోటల్లో, వాటిలో ఒకటి తీరానికి దూరంగా ఉండాలి. విశాఖ, భీమునిపట్నం తోటలు ఒకే తుపాను దారిలో ఉంటాయి కనుక ఒకదానికొకటి నకలు కాలేవు. అరకు లోయ వైపు గానీ, రాయలసీమలో గానీ చోటు చూడాలి. చెట్టు కొట్టడానికి 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలి. సైకస్ బెడోమీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూలులో ఉంది. రక్తచందనం అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. తోటలో పడిన రక్తచందనం, శ్రీగంధం దుంగను కదిలించే ముందు అటవీ శాఖకు లిఖితపూర్వకంగా తెలియజేసి, రసీదు తీసుకోవాలి.

మొక్కలు పంపేటప్పుడు తల్లిచెట్టు సంఖ్య, సేకరణ తేదీ, మూలం ఉన్న కాగితం నకలు రెండు ప్రతులు వెంట పంపి, ఒకటి సంతకంతో వెనక్కి తెప్పించుకోవాలి. ఏటా జూన్‌లో ఎన్ని బతికాయో అడుగుతూ ఉత్తరం రాయాలి. రెండేళ్ళు వరుసగా జవాబు రాకపోతే ఆ నకలు పోయినట్టే లెక్కగట్టి, అదే తల్లి నుంచి మళ్ళీ విత్తనం తీసి, మరో తోటను వెతుక్కోవాలి.